99 శాతం ఓట్లు పడినా దేశం కాలేదు.. నాగోర్నో కరాబాఖ్ ఎందుకు ఖాళీ అయింది?

ఒకే ఒక్క కొండ రోడ్డు. మామూలుగా రెండు గంటల ప్రయాణం. కానీ 2023 సెప్టెంబర్ చివర్లో ఆ దారి దాటడానికి కొందరికి 30 గంటలకు పైనే పట్టింది. కార్లు, ట్రాక్టర్లు, లారీలు.. పైకప్పుల మీద పరుపులు, లోపల ముసలివాళ్లు, పిల్లలు. వారం రోజుల్లో లక్ష మందికి పైగా ఆ రోడ్డు మీదుగా ఆర్మేనియాకు వెళ్లిపోయారు. వెనక మిగిలింది ఖాళీ ఊళ్లే.

ఆ ప్రాంతం పేరు నాగోర్నో కరాబాఖ్. మూడు దశాబ్దాల కిందట అక్కడి జనం ఓటేసి 'మేం వేరే దేశం' అని ప్రకటించుకున్నారు. సొంత జెండా, సొంత పార్లమెంటు, సొంత సైన్యం పెట్టుకున్నారు. అయినా ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఒక్కటి కూడా దాన్ని దేశంగా గుర్తించలేదు. ఆఖరికి వాళ్ల కోసం యుద్ధం చేసిన ఆర్మేనియా కూడా!

ఎందుకిలా? ప్రజలకు తమ భవిష్యత్తును తామే తేల్చుకునే హక్కు ఉందని అంతర్జాతీయ చట్టం చెబుతోంది కదా.. మరి ఈ లక్ష మంది విషయంలో అది ఎందుకు పని చేయలేదు?

ఇంతకీ ఎక్కడుంది ఈ కరాబాఖ్?

నల్ల సముద్రానికీ, కాస్పియన్ సముద్రానికీ మధ్య కాకసస్ పర్వతాలున్నాయి. వాటికి దక్షిణాన జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్ అనే మూడు చిన్న దేశాలు. మూడూ ఒకప్పటి సోవియట్ యూనియన్‌లో భాగాలే. అజర్‌బైజాన్ లోపల, పశ్చిమం వైపు ఉండే కొండ ప్రాంతమే నాగోర్నో కరాబాఖ్. విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. అంటే మన దగ్గర ఓ మోస్తరు జిల్లా అంత.

పేరులోనే చరిత్ర ఉంది. 'నాగోర్నో' రష్యన్ మాట, కొండ ప్రాంతం అని అర్థం. 'కరా' అంటే టర్కిక్ భాషల్లో నలుపు. 'బాఖ్' అంటే పర్షియన్‌లో తోట. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఉన్న 'బాగ్' కూడా ఇదే మాట. ఆర్మేనియన్లు మాత్రం ఈ ప్రాంతాన్ని ఆర్ట్సాఖ్ అంటారు. ముఖ్య పట్టణం ఆర్మేనియన్లకు స్టెపనకెర్ట్, అజర్‌బైజానీలకు ఖాన్‌కెండి. ఏ పేరు వాడితే ఆ పక్షం అన్నట్టే లెక్క. అందుకే అక్కడికెళ్లే విలేకరులు కూడా పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉంటారు.

ఆర్మేనియన్లు క్రైస్తవులు. అజర్‌బైజానీలు టర్కీకి దగ్గరి భాష మాట్లాడే ముస్లింలు. అలాగని ఇది మత యుద్ధం అనుకుంటే పొరపాటే. ఆర్మేనియాకు చాలాకాలంగా అండగా ఉన్న పొరుగు దేశం ఇరాన్. అజర్‌బైజాన్‌కు ఆయుధాలు అమ్మిన దేశాల్లో ముఖ్యమైనది ఇజ్రాయెల్. అసలు గొడవ భూమి గురించి, ఆ భూమి మీద ఎవరి మాట చెల్లాలన్న దాని గురించి.

ఒక్క రాత్రిలో మారిన నిర్ణయం

కథ 1921లో మొదలవుతుంది. రష్యా సామ్రాజ్యం కూలాక కాకసస్‌ను బోల్షెవిక్‌లు ఆక్రమించారు. కరాబాఖ్‌లో అప్పుడు అత్యధికులు ఆర్మేనియన్లే. దాన్ని ఎవరికివ్వాలో తేల్చే బాధ్యత కమ్యూనిస్టు పార్టీ కాకసస్ బ్యూరో మీద పడింది. జులై 4న ఆర్మేనియాకు ఇవ్వాలని బ్యూరో ఓటేసింది. మర్నాడు, జులై 5న, అదే బ్యూరో మాట మార్చింది. విస్తృత స్వయంప్రతిపత్తితో అజర్‌బైజాన్‌లోనే ఉంచాలని తేల్చింది. రాత్రికి రాత్రి ఏం జరిగిందన్న దానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ సమావేశంలో స్టాలిన్ ఉన్నాడన్నది మాత్రం నిజం.

1923లో ఆ గీతనే ఖరారు చేస్తూ స్వయంప్రతిపత్తి ప్రాంతం ఏర్పాటైంది. ఆర్మేనియాకు కూతవేటు దూరంలో ఉన్నా, మధ్యలో లాచిన్ అనే సన్నటి పట్టీ అడ్డు. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్లూ ఈ గీత పెద్దగా పట్టలేదు. అన్నిటికీ పైన మాస్కో ఉందిగా! ఒకే దేశంలో రెండు జిల్లాల మధ్య హద్దులాంటిది అది.

ఆ దేశం కూలడం మొదలయ్యాకే అసలు చిక్కు వచ్చింది.

1988 ఫిబ్రవరి 20న కరాబాఖ్ ప్రాంతీయ సోవియట్ సమావేశమైంది. మమ్మల్ని ఆర్మేనియాలో కలపండి అంటూ తీర్మానం చేసింది. అనుకూలంగా 110, వ్యతిరేకంగా 17 ఓట్లు. మాస్కో ఒప్పుకోలేదు. వారం తిరిగేసరికి కాస్పియన్ తీరంలోని సుమ్‌గాయిత్‌లో ఆర్మేనియన్ల మీద మూక దాడులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 32 మంది చనిపోయారు. ఇక అక్కడి నుంచి రెండు వైపులా వలసలే. అజర్‌బైజాన్ నుంచి మూడు లక్షలకు పైగా ఆర్మేనియన్లు పారిపోయారు. ఆర్మేనియా నుంచి దాదాపు రెండు లక్షల మంది అజర్‌బైజానీలు తరిమివేతకు గురయ్యారు. తరతరాలుగా పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లు రెండు మూడేళ్లలో విడిపోయారు.

రెఫరెండం చెల్లుతుందా, చెల్లదా?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చూద్దాం.

1991 ఆగస్టు 30న అజర్‌బైజాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. మూడు రోజులకే, సెప్టెంబర్ 2న, కరాబాఖ్ ఆర్మేనియన్లు తమది వేరే రిపబ్లిక్ అన్నారు. నవంబర్ 26న బాకూలోని పార్లమెంటు కరాబాఖ్ స్వయంప్రతిపత్తినే రద్దు చేసింది. డిసెంబర్ 10న కరాబాఖ్‌లో రెఫరెండం జరిగింది. పోలైన ఓట్లలో 99 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే.

అయితే ఆ ఓటింగ్‌ను అక్కడి అజర్‌బైజానీలు బహిష్కరించారు. 1989 జనాభా లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో ఉన్నది సుమారు 1,89,000 మంది. అందులో నాలుగింట మూడొంతుల మందికి పైగా ఆర్మేనియన్లు. అయిదో వంతుకు పైగా అజర్‌బైజానీలు. అంటే ఆ '99 శాతం'లో ఒక వర్గం మాటే లేదు.

ఆర్మేనియన్ల వాదన ఏంటంటే.. 1990 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్ ఓ చట్టం చేసింది. ఏదైనా రిపబ్లిక్ యూనియన్ నుంచి విడిపోతే, అందులోని స్వయంప్రతిపత్తి ప్రాంతాల ప్రజలు తామెటు ఉండాలో విడిగా తేల్చుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. మేం చేసింది అదే కదా అంటారు వాళ్లు.

అజర్‌బైజాన్ వాదన ఇంకోటి. సోవియట్ రాజ్యాంగం 78వ అధికరణ ప్రకారం ఓ రిపబ్లిక్ ఒప్పుకోకుండా దాని హద్దులు మార్చడానికి వీల్లేదు. పైగా స్వయంప్రతిపత్తిని రద్దు చేశాక రెఫరెండం ఎక్కడిది? అన్నది బాకూ మాట.

ఇద్దరి చేతుల్లోనూ చట్టం కాగితాలున్నాయి. ఆ చట్టాలు చేసిన దేశం మాత్రం డిసెంబర్ నెలాఖరుకి లేకుండా పోయింది!

ఇక ప్రపంచం ఏ రూల్ పట్టుకుందో చూద్దాం. ఐరాస చార్టర్ మొదటి అధికరణలోనే ప్రజల స్వయం నిర్ణయాధికారం గురించి ఉంది. 1966 నాటి రెండు అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికల్లో తొలి అధికరణ కూడా అదే. కానీ అదే చార్టర్ రెండో అధికరణ దేశాల ప్రాదేశిక సమగ్రతను కాపాడాలంటుంది. అంటే ఉన్న హద్దులను బలప్రయోగంతో కదపకూడదు అని. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఢీకొంటే ఏది పైన అన్నది మాత్రం అందులో రాసి లేదు.

ఆచరణలో దేశాలు ఓ సులువైన దారి పట్టాయి. వలస పాలన పోయినప్పుడో, పెద్ద దేశం ముక్కలైనప్పుడో.. అంతకుముందు లోపల గీసిన పాలనా హద్దులే కొత్త దేశాల సరిహద్దులు అవుతాయి. దీనికి లాటిన్‌లో 'ఉతి పొస్సిదెతిస్' అని ఓ పేరుంది. స్థూలంగా 'ఎవరి చేతిలో ఉన్నది వారికే' అని. లాటిన్ అమెరికాలో మొదలై 1964లో ఆఫ్రికా దేశాల కూటమి దాకా వచ్చింది. హద్దులన్నీ మళ్లీ గీయడం మొదలుపెడితే యుద్ధాలకు అంతుండదన్న భయమే దీనికి మూలం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ దాని ఫలితమేంటంటే.. 1921లో ఓ పార్టీ కమిటీ ఎవర్నీ అడక్కుండా గీసిన గీత, 1991లో అంతర్జాతీయ సరిహద్దుగా మారిపోయింది.

మరి తూర్పు తైమూర్, దక్షిణ సూడాన్, ఎరిట్రియా ఓటేసి దేశాలయ్యాయి కదా అనొచ్చు. తేడా ఉంది. 1999లో తూర్పు తైమూర్ ఓటింగ్‌కు ఇండోనేషియా ఒప్పుకుంది. 2011లో దక్షిణ సూడాన్ విడిపోవడానికి సూడాన్ ప్రభుత్వం ముందే సంతకం పెట్టింది. 1993లో ఎరిట్రియాను వెళ్లనిచ్చింది అడిస్ అబాబా కొత్త ప్రభుత్వం. ఆ ఒప్పుకోళ్ల వెనుక దశాబ్దాల యుద్ధాలున్నాయి, నిజమే. కానీ చివర్లో పెద్ద దేశం 'సరే' అంది. కరాబాఖ్‌కు బాకూ ఎప్పుడూ 'సరే' అనలేదు. కొసావో సంగతి వేరు, సెర్బియా ఒప్పుకోకపోయినా చాలా దేశాలు గుర్తించాయి. దాని వెనుక నాటో ఉంది మరి.

భారత్ వైఖరి కూడా ఈ సందర్భంలో తెలుసుకోవాలి. 1979లో ఆ రెండు ఒడంబడికల్లో చేరినప్పుడే, స్వయం నిర్ణయాధికారం విదేశీ పాలన కింద ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, స్వతంత్ర దేశాల్లోని భాగాలకు కాదని ఢిల్లీ రాతపూర్వకంగా చెప్పింది. దేశం లోపలి హద్దులైతే వేరే కథ. ఆర్టికల్ 3 కింద పార్లమెంటు మార్చగలదు. తెలంగాణ అలాగే వచ్చింది. దేశాల మధ్య అలాంటి పార్లమెంటు లేదు.

గెలిచినోళ్ల తప్పు

1992 నుంచి పూర్తిస్థాయి యుద్ధం. ఫిబ్రవరి 25-26 రాత్రి ఖోజలీ పట్టణం నుంచి పారిపోతున్న అజర్‌బైజానీ పౌరులపై ఆర్మేనియన్ బలగాలు కాల్పులు జరిపాయి. 613 మంది చనిపోయారని అజర్‌బైజాన్ లెక్క. ఆ యుద్ధంలో అతిపెద్ద ఊచకోత ఇదేనని హ్యూమన్ రైట్స్ వాచ్ పేర్కొంది. మే నెలలో కొండ మీది షుషా పట్టణం ఆర్మేనియన్ల చేతికి వచ్చింది. వెంటనే లాచిన్ కూడా.

అక్కడితో ఆగి ఉంటే కథ ఎలా ఉండేదో. 1993లో ఆర్మేనియన్ బలగాలు కరాబాఖ్ దాటి చుట్టూ ఉన్న అజర్‌బైజాన్ జిల్లాల్లోకి వెళ్లాయి. మొత్తం ఏడు జిల్లాలు.. ఐదు పూర్తిగా, రెండు కొంతమేర.. వాళ్ల కిందకు వచ్చాయి. ఇవి కరాబాఖ్ స్వయంప్రతిపత్తి ప్రాంతంలోవి కావు. ఇక్కడ ఉన్నది దాదాపు అంతా అజర్‌బైజానీలు, కుర్దులే. ఐదు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. అగ్దమ్ అనే ఊరైతే ఇటుక ఇటుక పీకేసినట్టు శిథిలమైంది. మసీదు ఒక్కటే నిలబడి ఉన్న ఆ ఊరి ఫొటోలు మీరు చూసే ఉంటారు.

భద్రతా మండలి 1993లో నాలుగు తీర్మానాలు చేసింది. 822, 853, 874, 884. ఆక్రమించిన ప్రాంతాల నుంచి వెనక్కి వెళ్లాలన్నది వాటి సారం. ఎవరూ వినలేదు. 1994 మే 12న కాల్పుల విరమణ. అప్పటికి సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. 'మా ఊళ్లో మా ఇష్టం' అన్న వాదన బలమైనదే. పక్కోడి ఊళ్లు కూడా మా గుప్పిట్లో ఉంటాయి, వాళ్లు తిరిగి రాకూడదు అన్నప్పుడు ఆ వాదన బలం సగం పోయింది. బేరానికి పనికొస్తాయని పట్టుకున్న ఏడు జిల్లాలు పాతికేళ్లకు పైగా బేరం కుదరకుండానే ఉండిపోయాయి.

దాదాపు కుదిరిన రాజీ

బేరం ఎప్పుడూ లేదని కాదు. అమెరికా, రష్యా, ఫ్రాన్స్ కలిసి నడిపిన మిన్స్క్ గ్రూప్ 2007లో మాడ్రిడ్‌లో ఓ ప్యాకేజీ పెట్టింది. ఏడు జిల్లాలు అజర్‌బైజాన్‌కు తిరిగివ్వాలి. కరాబాఖ్‌కు అప్పటికి తాత్కాలిక హోదా. ఆర్మేనియాతో కలిపే ఓ దారి. ఇరువైపులా నిర్వాసితులు ఇళ్లకు తిరిగి రావాలి. అంతిమ హోదా తర్వాత ప్రజాభిప్రాయంతో తేలాలి. రెండు సూత్రాలకూ చోటిచ్చిన ప్లాన్ అది.

సంతకాలు పడలేదు. ఆ ఓటు ఎప్పుడు జరగాలి, ఎవరెవరు వేయాలి అన్న దగ్గరే చిక్కు. పారిపోయిన అజర్‌బైజానీలు తిరిగొచ్చి ఓటేస్తారా? అప్పటిదాకా ఎన్నేళ్లు? 'ప్రజలు నిర్ణయిస్తారు' అని రాయడం తేలికే. ఆ 'ప్రజలు' ఎవరో తేల్చడమే కష్టం.

2008 మార్చి 14న అజర్‌బైజాన్ ఐరాస సర్వసభ్య సభకు వెళ్లింది. దాని తీర్మానానికి 39 దేశాలు ఓటేశాయి. 7 వ్యతిరేకించాయి. 100 దేశాలు ఏ వైపూ వెళ్లలేదు! వ్యతిరేకించిన ఏడింటిలో అమెరికా, రష్యా, ఫ్రాన్స్, ఆర్మేనియాతో పాటు భారత్ కూడా ఉంది. కశ్మీర్ విషయంలో అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్షాన నిలుస్తుంది. ఆర్మేనియా భారత్‌కు మద్దతిస్తుంది. ఆ లెక్క అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈమధ్య మన పినాక రాకెట్లు ఆర్మేనియాకు వెళ్లాయి.

ఆర్మేనియన్లకు మనతో పరిచయం కొత్తదేం కాదు. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది ఎక్కడో కాదు, మద్రాసులో. హైదరాబాద్ ఉప్పుగూడలో ఆర్మేనియన్ వర్తకుల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

44 రోజులు, ఆ తర్వాత 24 గంటలు

ఈలోగా అజర్‌బైజాన్‌కు కాస్పియన్ చమురు డబ్బు వచ్చింది. 2020 సెప్టెంబర్ 27న మొదలైన యుద్ధంలో టర్కీ బైరక్తార్ డ్రోన్లు, ఇజ్రాయెల్ డ్రోన్లు ఆర్మేనియన్ ట్యాంకులను వరసపెట్టి పేల్చేశాయి. ఆ వీడియోలు ఫోన్లలో ప్రపంచమంతా తిరిగాయి. 44 రోజుల్లో ఇరువైపులా ఆరున్నర వేల మందికి పైగా చనిపోయారు. షుషా పోయింది. ఏడు జిల్లాలూ పోయాయి. మిగిలిన కరాబాఖ్‌కు 1,960 మంది రష్యా శాంతి సైనికులు కాపలా. బయటికి దారి ఒక్కటే, లాచిన్ కారిడార్.

2022 డిసెంబర్ 12న ఆ దారి మూతపడింది. ముందు పర్యావరణ కార్యకర్తలమంటూ కొందరు అజర్‌బైజానీలు రోడ్డు మీద కూర్చున్నారు. 2023 ఏప్రిల్‌లో ఏకంగా చెక్‌పోస్టు వచ్చింది. రాకపోకలకు అడ్డు లేకుండా చూడాలని అంతర్జాతీయ న్యాయస్థానం ఫిబ్రవరి 22న అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. ఫలితం లేదు. దుకాణాల్లో సరుకుల్లేవు, మందుల్లేవు, పెట్రోల్ లేదు. రొట్టె కోసం రాత్రిళ్లు క్యూలు. ఉక్రెయిన్‌లో కూరుకుపోయిన రష్యా చూస్తూ ఉండిపోయింది.

ఆర్మేనియా ప్రధాని నికోల్ పషిన్యాన్ అప్పటికే ఓ నిర్ణయానికి వచ్చారు. 2022 అక్టోబర్‌లో ప్రాగ్‌లో రెండు దేశాలూ పరస్పరం ప్రాదేశిక సమగ్రతను గుర్తించాయి. తర్వాతి మే నెలలో పషిన్యాన్ ఇంకా స్పష్టంగా చెప్పేశారు. అజర్‌బైజాన్ విస్తీర్ణం 86,600 చదరపు కిలోమీటర్లు, అందులో కరాబాఖ్ కూడా ఉందని. అక్కడి ఆర్మేనియన్ల హక్కులు, భద్రత మాత్రం అంతర్జాతీయ హామీతో చర్చించాలని కోరారు. ఆ చర్చ జరగలేదు.

2023 సెప్టెంబర్ 19న అజర్‌బైజాన్ దాడి మొదలైంది. 24 గంటల్లో కరాబాఖ్ బలగాలు లొంగిపోయాయి. ఇక వెళ్లేవాళ్ల రద్దీ. సెప్టెంబర్ 25న ప్రయాణానికి పెట్రోల్ కోసం క్యూ కట్టినచోట డిపో పేలి 200 మందికి పైగా చనిపోయారు. 28న కరాబాఖ్ అధ్యక్షుడు సంవెల్ షహ్రమన్యాన్ రిపబ్లిక్‌ను రద్దు చేస్తూ సంతకం పెట్టారు. 2024 జనవరి 1 నుంచి అది లేదు.

తాము ఎవర్నీ వెళ్లమనలేదని, పౌరసత్వం తీసుకుని ఉండొచ్చన్నామని అజర్‌బైజాన్ అంటుంది. ఇది జాతి నిర్మూలన అని ఆర్మేనియా అంటుంది. తొమ్మిది నెలలు ఆకలితో ఉంచి, ఆపై ఫిరంగులు పేల్చాక 'ఉండొచ్చు' అన్న మాటను ఎవరు నమ్ముతారు?

మరి ఇప్పుడేంటి?

అగ్దమ్, ఫిజులి, లాచిన్ వైపు అజర్‌బైజానీ నిర్వాసితులు తిరిగొస్తున్నారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత సొంత మట్టి తొక్కినవాళ్లు వాళ్లు. అయితే మందుపాతరల బెడద ఇంకా ఉంది. ఖాన్‌కెండిగా మారిన స్టెపనకెర్ట్‌లోకీ కొత్త కుటుంబాలు వచ్చాయి.

2025 ఆగస్టు 8న వైట్‌హౌస్‌లో అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్, పషిన్యాన్‌ల సమక్షంలో శాంతి ఒప్పందం ముసాయిదాపై విదేశాంగ మంత్రులు పొట్టి సంతకాలు చేశారు. తుది సంతకానికి ముందు ఆర్మేనియా తన రాజ్యాంగం మార్చుకోవాలన్నది బాకూ షరతు. ఆ రాజ్యాంగ పీఠికలో ప్రస్తావించిన స్వాతంత్ర్య ప్రకటనలో, కరాబాఖ్‌తో విలీనంపై 1989లో చేసిన తీర్మానం మాట ఉంది మరి. మిన్స్క్ గ్రూప్‌ను మూసేయాలని కూడా అదే ఏడాది నిర్ణయమైపోయింది.

వెళ్లిపోయినవాళ్లు తిరిగి రావాలనుకుంటే క్షేమంగా రానివ్వాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2023 నవంబర్ 17న అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. కానీ 2025 ఒప్పందం ముసాయిదాలోని 17 అధికరణల్లో కరాబాఖ్ పేరే లేదు. నిర్వాసితుల ఊసూ లేదు. ఉన్నదల్లా ఒక నిబంధన.. ఒప్పందం అమల్లోకి వచ్చిన నెల రోజుల్లో రెండు దేశాలూ ఒకదానిపై ఒకటి వేసుకున్న అంతర్జాతీయ కేసులన్నీ ఉపసంహరించుకోవాలి. హేగ్‌లోని ఆ కేసు కూడా అందులోకే వస్తుంది.